అడ్రస్ దొరకనప్పుడు నోరు విప్పేది ఏది? జాంగో, ఫ్లాస్క్, లారావెల్, ఎక్స్‌ప్రెస్ రూటింగ్ పోలిక

మన వైపు వెబ్‌సైట్ పని ఒప్పుకునే కుర్రాళ్లు ఫ్రేమ్‌వర్క్ (సైట్ కట్టడానికి రెడీగా దొరికే కోడ్ చట్రం) ఎంచుకునేటప్పుడు అడిగేవి దాదాపు ఒకటే: ఏది ఫాస్టు, దేనికి ఉద్యోగాలు ఎక్కువ, దేనికి యూట్యూబ్‌లో తెలుగు పాఠాలున్నాయి. అడగండి, తప్పులేదు. కానీ పలాస జీడిపప్పు వ్యాపారికో, విజయనగరం కోచింగ్ సెంటర్‌కో సైట్ చేసి అప్పజెప్పాక రాత్రిపూట మోగే ఫోన్ వీటి గురించి మోగదు. “లింకు నొక్కితే పేజీ రావట్లేదండీ” అంటూ మోగుతుంది. తెర మీద 404 ఉంటుంది, అంటే ఆ అడ్రస్ దొరకలేదని జవాబు. ఆ అడ్రస్ ఎందుకు దొరకలేదో ఫ్రేమ్‌వర్క్ తనే చెబితే పది నిమిషాల పని. చెప్పకపోతే తెల్లారిపోతుంది. అందుకని పైథాన్‌లో రాసే జాంగో, ఫ్లాస్క్, పీహెచ్‌పీలో రాసే లారావెల్, జావాస్క్రిప్ట్‌లో రాసే ఎక్స్‌ప్రెస్, ఈ నాలుగిటి పోలికకు ఒక్కటే కొలత పెట్టుకున్నాను: రూటింగ్ (వచ్చిన అడ్రస్‌ని ఏ కోడ్‌కి అప్పజెప్పాలో తేల్చే పని, అందులో ఒక్కో నియమం ఒక రూట్) చెడినప్పుడు ఏది ఎంత స్పష్టంగా మాట్లాడుతుంది.

ముందు ఆ 404 ఎవరిదో తేల్చుకోండి

“అన్నా, లాప్‌టాప్‌లో బాగానే నడిచింది. సర్వర్‌లో పెడితే హోమ్ పేజీ ఒక్కటే వస్తంది, మిగతావన్నీ 404. ఏటిది?” కొత్తగా పని మొదలుపెట్టినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఇందులో ఫ్రేమ్‌వర్క్ తప్పు లేదు. రిక్వెస్ట్ దాని గడప దాకా రానేలేదు.

బ్రౌజర్ పంపింది మొదట వెబ్ సర్వర్‌కి తగులుతుంది. అపాచీ అయితే రీరైట్ మాడ్యూల్ ఆన్‌లో ఉండాలి, ఆ ఫోల్డర్‌కి అలో ఓవర్‌రైడ్ అనుమతి ఉండాలి. అపాచీ 2.4లో అది మామూలుగా ‘నన్’ అని ఉంటుంది కాబట్టి లారావెల్ ఇచ్చిన హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌ని (ఆ ఫోల్డర్‌కి అపాచీ పాటించాల్సిన నియమాలు ఉండేది) ఎవరూ చదవరు. అప్పుడు హోమ్ పేజీ ఇండెక్స్ ఫైల్ పుణ్యమా అని తెరుచుకుంటుంది, మిగతావాటికి అపాచీ తన సొంత తెల్ల పేజీ మీద ‘నాట్ ఫౌండ్’ అని రాసి పంపేస్తుంది. ఇంజిన్‌ఎక్స్ అయితే హెచ్‌టీయాక్సెస్ అనే ఫైల్‌ని అసలు పట్టించుకోదు, దాని కాన్ఫిగ్‌లో, ఫైల్ దొరకని అడ్రస్‌లని ఫ్రేమ్‌వర్క్‌కి పంపే ట్రై ఫైల్స్ లైను మనమే రాయాలి.

గుర్తుపట్టడం తేలిక. 404 పేజీ కింద సర్వర్ పేరు ఉందా, మీ ఫ్రేమ్‌వర్క్ పేజీ కనిపిస్తోందా చూడండి. దాంతో తేలకపోతే ఫ్రేమ్‌వర్క్ లాగ్‌లో ఆ రిక్వెస్ట్ తాలూకు లైను ఉందో లేదో చూడండి. లైను లేకపోతే మీ కోడ్‌ని ముట్టుకోవద్దు, తప్పు బయట ఉంది.

ఇంకో సంగతి. 403, 405, 419 వచ్చినా చాలామంది రూటింగ్ ఫైలే తెరుస్తారు. జాంగోలో ఫారం పంపినప్పుడు 403, లారావెల్‌లో 419 వస్తే అది సాధారణంగా సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (ఫారం మన సైట్ నుంచే వచ్చిందని చూపే రహస్య గుర్తు) గొడవ. 405 అంటే అడ్రస్ దొరికింది, పద్ధతి (పేజీ అడిగే గెట్, వివరాలు పంపే పోస్ట్ లాంటిది) తప్పింది అని.

వరసా, బరువా, ఫోల్డరా

ఒకే అడ్రస్‌కి రెండు రూట్‌లు సరిపోతే ఏది గెలుస్తుంది? ఫ్రేమ్‌వర్క్‌ల మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది. జీడిపప్పు కొట్టు సైట్ తీసుకోండి. /పప్పు/కొత్తవి/ అనేది కొత్త సరుకు పేజీ. /పప్పు/<ఎస్‌టీఆర్:రకం>/ అనేది ఒక్కో రకానికి పేజీ, ‘రకం’ చోట ఏ మాటైనా పడుతుంది.

జాంగోలో పైనుంచి కిందికి వరస. మొదట సరిపోయిందే గెలుస్తుంది. రకం రూట్ పైన ఉంటే ‘కొత్తవి’ అనే పదాన్ని కూడా రకమే అనుకుని డేటాబేస్‌లో వెతికి, దొరక్క 404 ఇస్తుంది. ఎక్స్‌ప్రెస్‌దీ ఇదే వరస పద్ధతి. లారావెల్ కూడా రాసిన వరసలోనే వెతుకుతుంది, పైగా అదే పద్ధతి, అదే అడ్రస్ రెండుసార్లు రాస్తే రెండోది మొదటిదాన్ని చప్పుడు లేకుండా తుడిచేస్తుంది.

ఫ్లాస్క్ దారి వేరు. దాని కింద పనిచేసే వెర్క్‌జోయిగ్ ప్రతి రూట్‌కి బరువు కడుతుంది. ఖరారైన పదం ఉన్న రూట్ ముందు, ఏదైనా పట్టేది తర్వాత. ‘కొత్తవి’ మీరు ఎక్కడ రాసినా అదే గెలుస్తుంది. నలుగురు కలిసి ఒకే ఫైల్‌లో రూట్‌లు జోడించే చోట ఇది పెద్ద వరం.

నెక్స్ట్ జేఎస్ లాంటివాటిలో ఫోల్డరే రూట్. ఖరారైన ఫోల్డర్ పేరుకే ముందు హక్కు కాబట్టి వరస బెడద లేదు. దాని తలనొప్పి వేరు: విండోస్ లాప్‌టాప్‌లో ఇంగ్లిష్ పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఫైల్ సిస్టమ్ పట్టించుకోదు, లైనక్స్ సర్వర్ పట్టించుకుంటుంది. ఇంట్లో తెరుచుకున్న పేజీ అక్కడ తెరుచుకోదు.

వరసను నమ్ముకున్నవాటిలో జాంగోకి మాత్రం నా దగ్గర ఎక్కువ మార్కులు, ఎందుకంటే అది తప్పు ఎక్కడుందో విడమరిచి చెబుతుంది. డీబగ్ (తప్పుల వివరాలు తెర మీద చూపించే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఏ రూట్‌కీ సరిపోని అడ్రస్‌కి వచ్చే 404 పేజీలో తాను వెతికిన రూట్‌లన్నీ వరసగా రాసి పెడుతుంది. రూట్ దొరికి, లోపల వ్యూ (ఆ పేజీని తయారుచేసే కోడ్) 404 విసిరితే ఆ పేజీలోనే ‘రెయిజ్డ్ బై’ అని ఆ వ్యూ పేరు చూపిస్తుంది. పై ఉదాహరణలో ‘కొత్తవి’ పేజీకి రకం వ్యూ పేరు కనబడగానే దొంగ ఎవరో తెలిసిపోతుంది. డీబగ్‌ని అసలు సర్వర్‌లో ఆన్‌లో వదిలేయకండి, అది వేరే ప్రమాదం.

మానేజ్ చెక్ అనే కమాండ్‌ని చాలామంది వాడరు గానీ, రూట్ మొదట్లో అనవసరంగా గీత (/) పెట్టినా, ఇన్‌క్లూడ్ చేసే రూట్ చివర డాలర్ గుర్తు పెట్టినా అది ముందే హెచ్చరిస్తుంది. రూట్‌ల పట్టీ మొత్తం ఒకేసారి కావాలంటే జాంగో ఎక్స్‌టెన్షన్స్‌లోని షో యూఆర్‌ఎల్స్ పెట్టుకోండి.

లారావెల్‌లో ఆర్టిజన్ రూట్ లిస్ట్ అనగానే పట్టీ వస్తుంది, పద్ధతి, అడ్రస్, కంట్రోలర్ అన్నీ కలిపి. ఫ్లాస్క్ రూట్స్ అనే కమాండ్ కూడా అంతే. 404 దగ్గర మాత్రం లారావెల్ ముభావి. డీబగ్ ఆన్‌లో ఉన్నా ‘404, నాట్ ఫౌండ్’ అనే పొడి పేజీయే చూపిస్తుంది. రూట్ లేదా, లేక రూట్ ఉండి డేటాబేస్‌లో ఆ సరుకు లేదా అన్నది అందులో తెలీదు. ఒక చిట్కా ఉంది. అదే అడ్రస్‌ని కర్ల్‌తో (టెర్మినల్ నుంచి అడ్రస్‌ని అడిగే కమాండ్), యాక్సెప్ట్ హెడర్‌లో జేసన్ కావాలని చెప్పి అడగండి. జవాబులోని మెసేజ్‌లో ‘రూట్ దొరకలేదు’ అనో, ‘ఆ మోడల్‌కి ఫలితాలు లేవు’ అనో అసలు మాట బయటపడుతుంది. మొదటిదైతే రూట్ ఫైల్ చూడండి, రెండోదైతే డేటా చూడండి.

లారావెల్‌లో ఇంకో పాత బాధ రూట్ కాష్, అంటే రూట్‌ల పట్టీని ముందే తయారుచేసి దాచిపెట్టుకోవడం. సర్వర్‌లో రూట్ కాష్ కమాండ్ నడిపాక కొత్త రూట్ రాస్తే అది కనబడదు. మళ్లీ కాష్ చేయాలి, లేదా రూట్ క్లియర్ నడపాలి. లాప్‌టాప్‌లో కాష్ ఉండదు కాబట్టి అక్కడ అంతా బాగానే ఉంటుంది.

ఎక్స్‌ప్రెస్‌కి ఈ కొలతలో తక్కువ మార్కులే. రూట్‌ల పట్టీ ఇచ్చే సొంత కమాండ్ లేదు. గెట్‌కి రాసిన రూట్‌కి పోస్ట్ పంపితే లారావెల్, ఫ్లాస్క్ 405 ఇస్తాయి. ఎక్స్‌ప్రెస్ మాత్రం ‘కెనాట్ పోస్ట్’ అంటూ 404 ఇచ్చి ఊరుకుంటుంది. డీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ‘ఎక్స్‌ప్రెస్:*’ అని పెట్టి నడిపితే లోపల ఏం జరుగుతుందో టెర్మినల్‌లో కొంత కనబడుతుంది. 2024లో వచ్చిన 5వ వెర్షన్‌కి మారినవాళ్లకి ఇంకో దెబ్బ: అన్నిటినీ పట్టే ఒంటి నక్షత్రం గుర్తు ఇక చెల్లదు, దాని పక్కన పేరు రాయాలి. పాత పాఠం చూసి రాసిన కోడ్ సర్వర్ మొదలవుతుండగానే పడిపోతుంది. ఒక రకంగా మేలే, గిరాకీ దాకా వెళ్లకుండా అక్కడే తెలిసిపోతుంది.

చివరి గీత

/పప్పు అన్నా, /పప్పు/ అన్నా మనకి ఒకటే. ఫ్రేమ్‌వర్క్‌లకి కాదు.

జాంగోలో రూట్ చివర గీత ఉండి, వచ్చినవాడు గీత లేకుండా వస్తే, అపెండ్ స్లాష్ అనే సెట్టింగ్ వల్ల గీత ఉన్న అడ్రస్‌కి పంపుతుంది. ఫ్లాస్క్‌లో కూడా గీతతో రాసిన రూట్‌కి గీత లేకుండా వస్తే దారి మళ్లిస్తుంది. గీత లేకుండా రాసిన రూట్‌కి గీతతో వస్తే మాత్రం 404. ఎక్స్‌ప్రెస్ మామూలుగా రెండిటినీ ఒకేలా చూస్తుంది, ఇంగ్లిష్ అడ్రస్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా పట్టించుకోదు. పట్టింపు లేకపోవడమే ఇక్కడ దాని మంచితనం.

దారి మళ్లించడం చూడడానికి బాగానే ఉంటుంది, ఫారం పంపేదాకా. లారావెల్‌తో వచ్చే హెచ్‌టీయాక్సెస్ ఫైల్ చివరి గీత తీసేసి 301 (శాశ్వత మళ్లింపు)తో పంపుతుంది. మీ ఫారం /ఆర్డర్/ అని గీతతో పోస్ట్ చేస్తే, 301 చూసిన బ్రౌజర్ దాన్ని గెట్‌గా మార్చి మళ్లీ అడుగుతుంది. నింపిన వివరాలు దారిలోనే పోతాయి, తెర మీద 405 వస్తుంది. ఆర్టిజన్ సర్వ్‌తో లాప్‌టాప్‌లో నడిపినప్పుడు ఆ ఫైల్ మధ్యలోకి రాదు, లారావెల్ గీతని తనే వదిలేస్తుంది. కనుక అక్కడ ఆర్డర్ చక్కగా పడుతుంది. జాంగోకి కూడా ఇదే ప్రమాదం ఉంది గానీ, డీబగ్ ఆన్‌లో ఉంటే పోస్ట్ డేటా పోతుందని చెప్పి ఎర్రర్ విసిరి ఆపేస్తుంది. ఫ్లాస్క్ కొత్త వెర్షన్లు 308తో మళ్లిస్తాయి, దాంతో పోస్ట్ పోస్ట్‌గానే చేరుతుంది.

ఫ్రేమ్‌వర్క్ ఏదైనా టెంప్లేట్‌లో అడ్రస్‌ని చేత్తో రాయకండి. రూట్‌కి పేరు పెట్టి, ఆ పేరుతోనే లింకు పుట్టించండి. పేరు తప్పు రాస్తే జాంగో ‘నో రివర్స్ మ్యాచ్’ అని ఆగిపోతుంది. ఫ్లాస్క్ అయితే దగ్గరి పేరు ఏదో సూచిస్తుంది కూడా.

తెలుగు అడ్రస్ పెట్టాలంటే

స్థానిక సైట్లకి తెలుగు అడ్రస్ ముద్దుగా ఉంటుంది. తీసుకునేముందు లెక్క చూడండి. శ్రీకాకుళం అన్న మాటలో కంప్యూటర్ లెక్కన 10 సంకేతాలు ఉన్నాయి, వత్తు, గుడి, సున్నా అన్నీ విడివిడిగా. యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, అడ్రస్‌లోకి వెళ్లేటప్పుడు ఒక్కో బైటుకి శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు. మొత్తం 90. బార్‌లో చక్కగా శ్రీకాకుళం అని కనబడే లింకుని కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే తరచూ ఆ 90 అక్షరాల తోకే వస్తుంది. సర్వర్ లాగ్‌లో శాతం గుర్తుల మధ్య ఈ0, బీ0 అని పదేపదే కనబడితే అది తెలుగేనని తెలుసుకోండి.

పొడవు ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. స్లగ్ అంటే అడ్రస్‌లో పేరుగా వచ్చే ముక్క, కన్వర్టర్ అంటే ఆ ముక్కలో ఏ అక్షరాలు చెల్లుతాయో చెప్పేది. జాంగోలో స్లగ్ కన్వర్టర్ ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అడ్డగీతలకే సరిపోతుంది. మోడల్‌లో యూనికోడ్ అనుమతి ఇచ్చినా రూట్‌లో <స్లగ్:పేరు> అని రాస్తే తెలుగు అడ్రస్‌కి 404 తప్పదు. అక్కడ <ఎస్‌టీఆర్:పేరు> ఉండాలి. ఇక పేరుని స్లగ్‌గా మార్చే స్లగిఫై చేసే పని మరీ విడ్డూరం. యూనికోడ్ అనుమతి ఇచ్చినా అది అక్షరాలనే ఉంచి, గుణింతాల గుర్తుల్ని, వత్తుల్ని, సున్నాల్ని ఊడ్చేస్తుంది. పైథాన్ లెక్కలో అవి అక్షరాలు కావు. శ్రీకాకుళం కాస్తా శరకకళ అవుతుంది. టెక్కలి టకకల, బొబ్బిలి బబబల. నవ్వుకుని వదిలేయొచ్చు గానీ, కిరాణా సైట్‌లో పాలు, పూలు రెండూ పల అయిపోతాయి. రెండో సరుకు అడ్రస్ మొదటిదాన్ని తన్నేస్తుంది.

కంటికి కనబడనిది ఇంకోటి ఉంది. పొల్లు తర్వాత వచ్చే అక్షరం వత్తుగా మారకుండా కీబోర్డులు మధ్యలో ఒక శూన్య వెడల్పు సంకేతం పెడతాయి. మాట చివర అది మిగిలిపోతే చూపుకి ఏ తేడా ఉండదు, పోల్చినప్పుడు మాత్రం రెండూ వేరు. డేటాబేస్‌లో ఆ మాట ఉంది, అడ్రస్‌లోనూ ఆ మాటే ఉంది, అయినా 404. సేవ్ చేసేముందు స్లగ్ చివర్లు శుభ్రం చేయండి.

తెలుగు స్లగ్, ఇంగ్లిష్ లిపి స్లగ్, నంబర్ ఈ మూడిట్లో నా ఓటు నంబర్‌ని ముందు పెట్టి పేరుని వెనక అలంకారంగా ఉంచడానికి: /సరుకు/412/పొందూరు-ఖాదీ/ లాగా. వెతికేది 412తోనే. పేరు తప్పినా, తెగినా, మారినా పేజీ వస్తుంది. పేరుతో పనిలేని చోట ఉత్త నంబర్ చాలు.

అంకె కన్వర్టర్‌ని మాత్రం చూసి వాడండి. జీడిపప్పు గ్రేడులు 180, 210, 240, 320 అని అంకెల్లో ఉన్నాయి కదా అని /పప్పు/<ఇంట్:గ్రేడు>/ రాస్తారు. నెల తిరక్కుండా వ్యాపారి “బద్ద కూడా పెట్టు బాబూ” అంటాడు. బద్దకి అంకె లేదు, రూట్ సరిపోదు.

జిల్లా పేరు అడ్రస్‌లోనా?

వద్దు. మన దగ్గర దీనికి సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. పాలకొండ, పార్వతీపురం, సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. /శ్రీకాకుళం/రాజాం/ అని ఉన్న ప్రతి లింకూ ఆ రోజుతో అబద్ధమైంది. ఊరు పేరుతో ఆపేస్తే, జిల్లా అన్నది డేటాబేస్‌లో ఒక గడి మారితే సరిపోయేది.

ఇప్పటికే ఉన్న పాత లింకులకి దారి మళ్లింపు రాయాల్సిందే. ఇందులో నాలుగు ఫ్రేమ్‌వర్క్‌ల మధ్య పెద్ద తేడా లేదు. అన్నీ మామూలుగా 302 (తాత్కాలిక మళ్లింపు) ఇస్తాయి, శాశ్వతం కావాలంటే మనం చెప్పాలి. మొదట 302తోనే పరీక్షించండి. 301ని బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది, తప్పు చోటికి పంపితే సర్వర్‌లో సరిచేసినా గిరాకీ ఫోన్ మాత్రం ఆ తప్పు చోటికే వెళ్తూ ఉంటుంది.

రియాక్ట్ ముందుంటే

రియాక్ట్‌తో చేసిన సైట్‌లో పేజీలు మార్చేది బ్రౌజర్‌లోనే నడిచే రియాక్ట్ రూటర్. అందులో హ్యాష్ (#) పద్ధతి, బ్రౌజర్ హిస్టరీ పద్ధతి అని రెండు. లింకులు నొక్కితే పేజీలు వస్తున్నాయి, రిఫ్రెష్ కొడితే 404 అంటే మీరు రెండోది వాడుతున్నారు, సర్వర్‌కి ఆ సంగతి తెలీదు. తెలియని అడ్రస్‌లన్నిటికీ ఇండెక్స్ పేజీ ఇవ్వమని సర్వర్‌కి చెప్పాలి. సర్వర్ సెట్టింగ్ మీ చేతిలో లేకపోతే హ్యాష్ పద్ధతి తీసుకోండి. హ్యాష్ గుర్తు తర్వాతి భాగాన్ని బ్రౌజర్ సర్వర్‌కి పంపదు కాబట్టి గొడవే ఉండదు.

అన్నిటికీ ఇండెక్స్ ఇచ్చే ఏర్పాటుకి ఒక దుష్ఫలితం ఉంది. పోయిన జావాస్క్రిప్ట్ ఫైల్ అడిగినా 200తో హెచ్‌టీఎంఎల్ పేజీయే వస్తుంది. కన్సోల్‌లో ‘<’ గుర్తు ఊహించలేదంటూ ఎర్రర్ కనబడితే అది జావాస్క్రిప్ట్ తప్పు కాదు, ఆ ఫైల్ అక్కడ లేదని అర్థం. ఫైళ్ల ఫోల్డర్‌ని ఈ ఏర్పాటు నుంచి మినహాయించండి.

ఎవరికి ఏది

గిరాకీ ఏడాదికోసారి చవక షేర్డ్ హోస్టింగ్‌కే డబ్బు కడతాడంటే లారావెల్. పీహెచ్‌పీ అక్కడ ఎలాగూ ఉంటుంది. డాక్యుమెంట్ రూట్‌ని (సర్వర్ సైట్‌గా చూపించే ఫోల్డర్) పబ్లిక్ ఫోల్డర్‌కి మార్చనిస్తారో లేదో హోస్టింగ్ కొనకముందే అడగండి. మార్చనివ్వకపోతే వేరేచోట కొనండి. సబ్ ఫోల్డర్‌లో సర్ది పెట్టిన సైట్లలో ఎప్పుడూ ఏదో ఒక లింకు తప్పుతూనే ఉంటుంది.

తెలుగు సమాచారం ఎక్కువ, ఆఫీసువాళ్లే లోపల రాసుకోవాలి, సర్వర్ మొత్తం మీ చేతిలో ఉంది అంటే జాంగో. స్లగ్ సంగతి పైన చెప్పినట్టు చూసుకుంటే చాలు, కొత్తవాళ్లకి రూటింగ్ నేర్పడానికి ఆ 404 పేజీకి మించిన పాఠం లేదు. కాలేజీ ప్రాజెక్టు, చిన్న ఏపీఐ, ఒకరిద్దరే రాసేది అయితే ఫ్లాస్క్. ఎక్స్‌ప్రెస్‌ని మీ జట్టంతా జావాస్క్రిప్ట్‌లోనే ఉంటే తీసుకోండి. తీసుకుంటే, అన్ని రూట్‌ల చివర మీదైన 404 హ్యాండ్లర్ రాసి, పద్ధతి, అడ్రస్ లాగ్‌లో పడేలా మొదటి రోజే పెట్టండి.

నడుస్తున్న సైట్‌ని మాత్రం రూటింగ్ విసుగుతో వేరే ఫ్రేమ్‌వర్క్‌కి మార్చకండి. దాని రూట్‌ల పట్టీ తీసి ఒక ఫైల్‌లో పెట్టుకోండి. పక్కనే జనం వాట్సాప్‌లో పంచుకున్న, గూగుల్‌లో ఎక్కిన పాత లింకులు చేర్చండి. కొత్త కోడ్ ఎక్కించిన ప్రతిసారీ వాటన్నిటినీ కర్ల్‌తో, గీతతో ఒకసారి, గీత లేకుండా ఒకసారి అడిగించండి. 200, 301, 308 కాకుండా ఇంకేదైనా అంకె వస్తే ఆ లింకు సంగతి ఆ పూటే చూడండి.